ఉగాది వేళ హైదరాబాద్‌లో ఇల్లు కొనాలన్నా, అద్దెకు దిగాలన్నా: తరచుగా అడిగే ప్రశ్నలు

హోలీ అయిందంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మీ వెనక గల్లీలో ఫ్లాట్ ఉందంట, ఎట్లుంటది?" "బాబాయ్, ఉగాదిలోపు బుక్ చేస్తే తగ్గిస్తారంట, తీసుకోమంటారా?" నిజాంపేట వైపు అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి ఆరేళ్లుగా సెక్రటరీగా ఉన్నాను. ఏటా అవే సందేహాలు, అదే తొందర. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. ఆ మర్చిపోయిన ఒక్క మాటే వాళ్లకి లక్షల నష్టం తెచ్చిపెట్టొచ్చు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. కాగితాల మీద సంతకం పెట్టే ముందు మాత్రం మీరు ఎంచుకున్న లాయర్‌కి చూపించండి, అమ్మేవాళ్లు చూపించిన లాయర్‌కి కాదు.

## ఇంకా వెతకడం మొదలుపెట్టక ముందు

ఇల్లు చూడ్డానికి ఎండాకాలం మంచిదా, వానాకాలం మంచిదా?

రెండు కాలాల్లోనూ చూడాలి. నీళ్ల సంగతి ఎండాకాలం బయటపెడుతుంది, డ్రైనేజీ సంగతి వానాకాలం బయటపెడుతుంది. ఒక్క కాలంలోనే చూసి కొంటే సగం ఇల్లే చూసినట్టు.

మేం కొన్నది ఏప్రిల్‌లో. సెల్లార్ పొడిగా, శుభ్రంగా ఉంది. గోడకి మోకాలెత్తు వరకు కొత్త సున్నం, దానిపైన పాత సున్నం. ఆ తేడా కళ్లెదురుగానే ఉన్నా ఎందుకని అడగాలన్న ఆలోచన మాకు రాలేదు. జులైలో పడ్డ మొదటి పెద్ద వానకి స్కూటర్ సీట్ల దాకా నీళ్లొచ్చాయి. అంతకుముందు ఏడాది నీటి గీత పడినంత మేరే సున్నం వేశారని అప్పుడు అర్థమైంది. మీకు చైత్రంలో నచ్చిన ఇల్లుంటే, వీలైతే తొలకరి దాకా ఆగి ఇంకోసారి చూడండి. ఆగే వీలు లేకపోతే సెల్లార్ గోడలు, లిఫ్ట్ గుంత, రోడ్డు కంటే గేటు ఎంత ఎత్తులో ఉందన్నది చూడండి. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన్ని "వానొస్తే ఇక్కడ నీళ్లు ఎందాక వస్తాయి?" అని అడగండి. ఆయనకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

ఉగాది ఆఫర్లు నిజంగా తగ్గింపులేనా?

కొన్ని నిజమే. మార్చి ఆఖరికి ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, అమ్మకాల లెక్క చూపించుకోవాలి కాబట్టి బేరానికి దిగొస్తారు. కానీ బంగారు నాణెం, మాడ్యులర్ కిచెన్, ఏసీలు అంటూ ఇచ్చే వాటి విలువ ఎంతో విడిగా లెక్కేసుకోండి. నన్నడిగితే కానుకల కంటే ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు తగ్గించమనడమే మేలు, ఎందుకంటే జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఖర్చు రెండూ ధర మీదే పడతాయి. ధర తగ్గితే అవీ తగ్గుతాయి.

ఇంకో మాట. ఆఫర్ రేటు వినగానే సంబరపడకుండా అన్నీ కలిపిన మొత్తం ఒకే కాగితం మీద రాసిమ్మనండి. ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి తీసుకునే అదనం), కార్నర్ ఛార్జీ, కార్ పార్కింగ్, క్లబ్ హౌస్, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ నిల్వ నిధి), ముందే కట్టించుకునే మెయింటెనెన్స్, కరెంటు, నీళ్ల కనెక్షన్ ఖర్చు అన్నీ అందులో ఉండాలి. "అవి తర్వాత చూద్దాం సార్" అంటే ఆఫర్ అక్కడితో అయిపోయినట్టే.

ఈ ఏడాది గృహప్రవేశం ముహూర్తాలు దొరకట్లేదంటున్నారు, ఎందుకు?

2026 మార్చి 19న మొదలైన పరాభవ నామ సంవత్సరంలో జ్యేష్ఠం అధికమాసం వచ్చింది. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ఆ నెలలో గృహప్రవేశాలు పెట్టుకోరు. తర్వాత నిజ జ్యేష్ఠం నెల రోజులు, జులై 15 నుంచి ఆషాఢం. బడులు జూన్ 12న తెరుస్తారు. అంటే పిల్లల చదువుకి అడ్డం రాకుండా చేరాలనుకునేవాళ్లంతా వైశాఖం మీదే పడతారు. మే 16లోపు పురోహితులు, వంటవాళ్లు, సామాన్లు మోసే బండ్లు అన్నింటికీ గిరాకీ ఉంటుంది. బిల్డర్ "మేలో ఇచ్చేస్తాం" అంటే మే ఏ తారీఖు అని అడిగి, రాయించుకుని, ఆ తర్వాతే శుభలేఖలు వేయించండి.

వెస్ట్ సైడ్ తప్ప మిగతా హైదరాబాద్ అంతా వేస్టా?

కాదు. పడమటి వైపున్న కోకాపేటలో 2023లో ఎకరం 100.75 కోట్లు పలికింది, 2025లో రాయదుర్గంలో 177 కోట్లకు వెళ్లింది. ఆ వార్తలు చూసి చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్ల దాకా రేట్లు పెంచేశారు. కానీ అవి ఆకాశహర్మ్యాల కోసం వేలం వేసిన స్థలాలు. మీరు చూస్తున్న మూడో అంతస్తు ఫ్లాట్‌కి ఆ లెక్క వర్తించదు. పైగా మన దగ్గర ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు, రోడ్డు వెడల్పుని బట్టి ఎంత ఎత్తయినా కడతారు. ఒకే వరుసలో వేల ఫ్లాట్లు లేస్తున్నచోట రేపు మీరు అమ్మబోతే మీ పక్కవాళ్లే మీకు పోటీ.

ఉప్పల్, నాగోలు, ఎల్బీనగర్ వైపు మెట్రో ఉంది. కొంపల్లి, అల్వాల్ వైపు ఇప్పటికీ కాస్త ఊపిరాడే కాలనీలున్నాయి. మీ ఆఫీసు ఎక్కడ, పిల్లల బడి ఎక్కడ, అమ్మానాన్నల్ని చూపించే ఆస్పత్రి ఎక్కడ అన్నవి కాగితం మీద పెట్టి, ఓ పనిరోజు ఉదయం తొమ్మిదింటికి ఆ దారిలో మీరే వెళ్లి చూడండి. "ఓఆర్‌ఆర్ నుంచి ఐదు నిమిషాలు" అన్న మాటకి కొలత అదే. ఓఆర్‌ఆర్ అంటే ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు, మొత్తం 158 కిలోమీటర్లుంది, దాని పక్కనున్న ఊళ్లన్నీ ఒకటి కావు.

రేట్లు తగ్గేదాకా ఆగాలా?

ఉండటానికే కొంటుంటే, ఈఎంఐ మీ జీతానికి భారం కాకపోతే, కాగితాలు సరిగ్గా ఉంటే కొనుక్కోండి. పెట్టుబడి కోసమే అయితే రెండేళ్లు అమ్ముడుపోకపోయినా తట్టుకునే డబ్బే పెట్టండి.

## చూడ్డానికి వెళ్లినప్పుడు

సైట్ విజిట్‌కి ఎప్పుడు వెళ్లాలి?

ఆదివారం పొద్దున వాళ్లే కారు పంపిస్తారు, మజ్జిగ ఇస్తారు, మోడల్ ఫ్లాట్ చూపిస్తారు. అదొకసారి చూసి రండి. ఆ తర్వాత చెప్పకుండా మీరే వెళ్లండి. పడమటి గదుల వేడి తెలియాలంటే మధ్యాహ్నం నాలుగింటికి, రోడ్డు రద్దీ తెలియాలంటే సాయంత్రం ఏడింటికి, కరెంటు, కుక్కలు, వీధి దీపాల సంగతి తెలియాలంటే రాత్రి తొమ్మిదింటికి వెళ్లాలి.

బోర్లలో నీళ్లున్నాయో లేదో ఎట్లా తెలుస్తుంది?

వాచ్‌మన్ దగ్గర ట్యాంకర్ల రిజిస్టర్ ఉంటుంది. అడిగి చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గర ఓ పొడవాటి నోటుబుక్కులో తారీఖు, ట్యాంకర్ నంబరు, సంతకం రాసి పెడతారు. మార్చి రెండో వారం నుంచి ఆ పేజీలు ఎంత తొందరగా నిండుతున్నాయో చూస్తే చాలు, ఇంకెవరినీ అడగక్కర్లేదు. మా బుక్కులో జనవరిలో పేజీకి నెలంతా పడుతుంది, ఏప్రిల్‌లో పేజీకి నాలుగు రోజులు.

ఆ తర్వాత అడగాల్సినవి: బోర్లు ఎన్ని, వాటిలో నడిచేవి ఎన్ని, ఎంత లోతు? జలమండలి కనెక్షన్ ఉందా, ఉంటే ఎన్ని రోజులకోసారి వదులుతారు? ఇంకుడు గుంతలు నిజంగా పనిచేస్తున్నాయా, లేక పైన టైల్స్ వేసేశారా? మాదాపూర్, కొండాపూర్, మణికొండ, నిజాంపేట వైపు రాతి నేల, పైన కాంక్రీటు. వాన నీళ్లు దిగే దారి లేదు, బోర్లు తొందరగా అడుగంటుతాయి. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉందా, విడిగా వసూలు చేస్తారా అన్నది కూడా అడగండి. ఎండాకాలం మూడు నెలలు ఆ తేడా బాగా కనిపిస్తుంది.

పక్కనే చెరువు, వ్యూ బాగుంది. భయపడాలా?

భయం అక్కర్లేదు, కొలత కావాలి. చెరువు నిండా నీళ్లున్నప్పుడు ఎక్కడిదాకా వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు బఫర్ జోన్. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలాకి 9 మీటర్లు, చిన్న నాలాకి 2 మీటర్లు. ఈ నిబంధనలు 2012 నాటి జీఓ 168లో ఉన్నాయి.

ఏప్రిల్‌లో చూస్తే చెరువు సగం ఎండి ఉంటుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడుతుంటారు. "చెరువు అంత దూరంలో ఉంది కదా" అనిపిస్తుంది. ఆ కనిపించే నీళ్లు కొలత కాదు. 2020 అక్టోబరు వానల్లో ఎన్నో కాలనీలు మునిగినప్పుడు నీళ్లు వచ్చింది తమ పాత దారుల్లోనే. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉంటాయి. మీ సర్వే నంబరు అందులో ఎక్కడుందో చూసుకోండి, నీటిపారుదల శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) అడగండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక, పర్మిషన్ ఉందన్న ఒక్క మాట మీద నమ్మకంతో కూర్చునే రోజులు పోయాయి.

ఎస్‌ఎఫ్‌టీ అని చెప్పేది లోపల వాడుకునే జాగానేనా?

సాధారణంగా కాదు. కారిడార్, లిఫ్ట్, మెట్లు, క్లబ్ హౌస్‌లో మీ వాటా కూడా కలిపి చెబుతారు. 1,500 అన్న ఫ్లాట్‌లో లోపల 1,100 చుట్టూ ఉండటం మామూలే. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే జాగా, ఎంతో చెప్పి తీరాలి, అగ్రిమెంట్‌లో రాయాలి. రెండు ఫ్లాట్లు పోల్చేటప్పుడు మొత్తం ధరని కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి. అప్పుడు ఏది చవకో తేలుతుంది.

వాస్తు కోసం గోడ తీయించొచ్చా?

ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగండి. పిల్లర్, బీమ్ జోలికి మాత్రం ఎవరు చెప్పినా వెళ్లొద్దు. మీ పైన నాలుగు కుటుంబాలు ఉంటాయి.

## కాగితాల దగ్గర

ప్రీలాంచ్‌లో సగం రేటుకే ఇస్తున్నారు, తీసుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

రెరాలో నమోదు కాకముందు ప్రాజెక్టుని ప్రచారం చేయడం, బుకింగ్ తీసుకోవడం, అమ్మడం చట్టవిరుద్ధం. ప్రీలాంచ్, ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ ఆఫర్, సాఫ్ట్ లాంచ్ అని ఏ పేరు పెట్టినా అంతే. యూడీఎస్ అయితే ఇంకా ప్రమాదం. పర్మిషనే రాని స్థలంలో మీకు ఇన్ని గజాల అవిభాజ్య వాటా రాసిస్తారు. ఫ్లాట్ ఎక్కడా ఉండదు. వందల మంది పేర్ల మీద ఆ స్థలం ఉంటుంది కాబట్టి తర్వాత బ్యాంకు లోన్ రావాలన్నా, ఇంకో బిల్డర్ ముందుకు రావాలన్నా అందరి సంతకాలూ కావాలి. మా కాలనీలో ఒక రిటైర్డ్ టీచరమ్మ తన పీఎఫ్ డబ్బంతా అట్లా కట్టారు. ఐదు ఉగాదులు గడిచాయి. అక్కడ ఇప్పటికీ రేకుల కంచె, వెలిసిపోయిన ఫ్లెక్సీ తప్ప ఏమీ లేవు. ఆవిడ ఏటా వెళ్లి చూసి వస్తారు.

రెరా నంబర్ ఉంటే ఇక చూసుకోనక్కర్లేదా?

నంబర్ మొదటి మెట్టు మాత్రమే. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా నమోదు ఉండాలి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. బ్రోచర్‌లో రాసిన నంబర్ వేరే ప్రాజెక్టుది కావచ్చు, గడువు తీరిపోయి ఉండొచ్చు. ప్లాన్‌లో ఉన్న అంతస్తులు, మీకు చెప్పిన అంతస్తులు ఒకటేనా చూసుకోండి.

కొన్నవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టి, ఆ స్థలానికి, నిర్మాణానికే వాడాలి. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే వడ్డీతో డబ్బు వెనక్కి అడగొచ్చు, ఉంటామంటే ఆలస్యానికి వడ్డీ అడగొచ్చు. స్వాధీనం ఇచ్చాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. ఆఖరి మాట చాలామందికి తెలియదు, సెల్లార్ లీకేజీలకి తమ డబ్బే పెట్టుకుంటారు.

పాత ఫ్లాట్ కొంటున్నాం. ఏయే కాగితాలు అడగాలి?

లింక్ డాక్యుమెంట్లు కనీసం ముప్పై ఏళ్లవి, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), శాంక్షన్ ప్లాన్, ఓసీ (ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం), ఆస్తిపన్ను తాజా రసీదు, కరెంటు, నీళ్ల బిల్లులు, అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లెటర్. ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే తీసుకోవచ్చు. సర్వే నంబరు 22-ఏ (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల) నిషేధిత జాబితాలో ఉందేమో కూడా అక్కడే చూడండి. లోన్ ఉందంటే బ్యాంకు దగ్గరున్న అసలు డాక్యుమెంట్లు మీ కళ్లతో చూడండి.

కొత్త బిల్డింగ్ అయితే ఇంకొకటుంది. పర్మిషన్ తీసుకునేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డర్ మున్సిపాలిటీకి మార్టిగేజ్ (తాకట్టు) చేస్తాడు, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు చూపించిన ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందేమో అడగండి.

ఓసీ లేదంట, కానీ రేటు బాగా తక్కువ. ఏమవుతుంది?

ప్లాన్‌కి, కట్టినదానికి తేడా ఉంది కాబట్టే ఓసీ రాలేదేమో. బ్యాంకులు వెనకాడతాయి, ఆస్తిపన్ను మీద జరిమానా పడొచ్చు, అది 100 శాతం దాకా వెళ్తుంది. పైన అనుమతి లేని అంతస్తులో ఉన్నారంటే నోటీసు వచ్చిన రోజు మీకు నిద్ర ఉండదు. రేటు ఎందుకు తక్కువో తెలిసిపోయింది కదా, వదిలేయండి.

ప్లాట్‌కి ఎల్‌ఆర్‌ఎస్ కట్టామంటున్నారు. సరిపోతుందా?

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లని ఫీజు తీసుకుని రెగ్యులరైజ్ చేసే పథకం అది. ఏం కట్టారో చూడండి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టినప్పటి రసీదు చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది" అంటారు. అది దరఖాస్తు మాత్రమే. పూర్తి ఫీజు కట్టాక వచ్చే ప్రొసీడింగ్స్ కాపీ కావాలి. ఆ పథకానికి 2020 ఆగస్టు 26 గడువు తేదీ, ఆ తర్వాత పుట్టిన అనధికార లేఅవుట్లకి అది వర్తించదు. పార్కు, రోడ్డు, చెరువు స్థలాల్లో ఉన్న ప్లాట్లకి ఎంత కట్టినా రెగ్యులరైజ్ కాదు.

ఫామ్ ప్లాట్లు, ఫ్యూచర్ సిటీ ప్లాట్లు అని ఫోన్లు వస్తున్నాయి. కొనొచ్చా?

గుంట అంటే 121 గజాలు. వ్యవసాయ భూమిని గుంటల లెక్కన ముక్కలు చేసి, మామిడి మొక్క నాటి, ఫామ్ ప్లాట్ అని అమ్ముతారు. లేఅవుట్ అనుమతి లేకపోతే అక్కడ ఇల్లు కట్టుకోలేరు. వ్యవసాయ భూముల రికార్డులకి ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, అందులో మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం కనిపించాలి. ఫ్యూచర్ సిటీ అంటే ఊరికి దక్షిణాన ప్రభుత్వం తలపెట్టిన కొత్త నగరం. "ఫ్యూచర్ సిటీ దగ్గర" అన్న మాటకి కిలోమీటర్లు అడగండి.

జీఓ 111 ఎత్తేశారు కదా, మొయినాబాద్ వైపు తీసుకుంటే?

జలాశయాల్ని కాపాడ్డానికి నిర్మాణాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో వచ్చిన ఆ జీఓ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకి వర్తించింది. 2022లో ఆంక్షలు సడలిస్తూ జీఓ 69 వచ్చింది, కానీ షరతులతో. "ఎత్తేశారు" అన్న నోటిమాట మీద కాకుండా, ఆ సర్వే నంబరుకి ఇవాళ లేఅవుట్ అనుమతి కాగితం ఉందా అన్నది చూడండి. ఆ రెండు జలాశయాలు ఊరికి ఇచ్చిన నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. అవి బతకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

## డబ్బు, రిజిస్ట్రేషన్

బయానా ఎంత ఇవ్వాలి?

బిల్డర్ దగ్గర కొంటే, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇది రెరా నిబంధన. పాత ఫ్లాట్ అయితే బేరం కుదిరినప్పుడు చిన్న మొత్తం చాలు, అదీ బ్యాంకు ద్వారా. లోన్ రాకపోతే, కాగితాల్లో తేడా వస్తే బయానా తిరిగిస్తారని రాయించుకోండి. ముహూర్తం దాటిపోతుందని రాత్రికి రాత్రి లక్షలు చేతిలో పెట్టొద్దు. ముహూర్తానికి పదకొండు వేలు ఇచ్చినా అది శుభమే.

రిజిస్ట్రేషన్‌కి మొత్తం ఎంతవుతుంది?

స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. ప్రభుత్వ మార్కెట్ విలువ, మీ ధర, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 80 లక్షల ఫ్లాట్‌కి 6 లక్షలు. కట్టడం పూర్తికానిదైతే 5 శాతం జీఎస్టీ అదనం, అంటే ఇంకో 4 లక్షలు. ఓసీ వచ్చాక కొన్నా, పాతది కొన్నా జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టే ఆదాయపన్ను) పట్టి మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే లెక్క మారుతుంది, ఎక్కువ పట్టాలి, ఆడిటర్‌ని కలవండి.

కొంత క్యాష్ ఇమ్మంటున్నారు, అందరూ ఇస్తారు కదా?

ఆస్తి లావాదేవీల్లో 20,000, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత జరిమానా పడొచ్చు. మీకొచ్చే నష్టం వేరే. క్యాష్ ఇచ్చిన భాగానికి ఏ రుజువూ ఉండదు, బేరం చెడితే అది తిరిగి రాదు.

మార్చి 31లోపే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలా?

అవసరం లేదు. మార్కెట్ విలువలు పెరుగుతాయన్న పుకారు ఏటా వస్తుంది. అవి 2021 జులైలో, 2022 ఫిబ్రవరిలో పెరిగాయి, రెండూ ఉగాది నెలలు కావు.

## అద్దెకు వెతికేవాళ్లకి

ఏప్రిల్, మే నెలల్లోనే టులెట్ బోర్డులు ఎక్కువ, అద్దెలూ ఎక్కువ. ఎందుకు?

బడులు ఏప్రిల్ ఆఖర్లో మూసి జూన్‌లో తెరుస్తారు. పిల్లలున్న ఇళ్లన్నీ ఆ మధ్యలోనే మారతాయి. ఖాళీలూ ఎక్కువే, పోటీ కూడా ఎక్కువే. పిల్లల బడి గొడవ లేని వాళ్లు ఆషాఢంలో చూడండి. చాలామంది ఆషాఢంలో ఇల్లు మారరు కాబట్టి ఓనర్లు బేరానికి ఒప్పుకుంటారు. అడ్వాన్స్ మన దగ్గర సాధారణంగా రెండు మూడు నెలల అద్దె. దిగేటప్పుడు గోడలు, కుళాయిలు, గీజర్ అన్నీ వీడియో తీసి ఓనర్‌కి అదే రోజు పంపండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లోనే అంకె రాయించుకోండి. నీళ్లు ఏ టైముకి వదులుతారో కూడా అడగండి, ఎండాకాలంలో అదే ముఖ్యం.

## చేరాక

ఆస్తిపన్ను ఏప్రిల్‌లోనే కడితే నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది. ఆ ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ. పాత బకాయిలకి వర్తించదు. కొత్తగా కొన్నవాళ్లు పన్ను రసీదులో తమ పేరు మారిందో లేదో ఇప్పుడే చూసుకోండి.

అపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరాం. ఉగాదికి, శ్రీరామనవమికి ఏం చేస్తారు? మేమూ రావచ్చా?

తప్పకుండా రావాలి. మా దగ్గర ఉగాది ముందురోజు సాయంత్రం పార్కింగ్ పక్కనున్న వేపచెట్టు కింద పాత దుప్పటి పరిచి కొమ్మలు దులుపుతాం. పువ్వు ఏరి, చేటలో చెరిగి, తొడిమలు తీయడం పెద్దవాళ్ల పని. పొద్దున్నే కొత్త చింతపండు పులుసు, బెల్లం, మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం, ఆ వేపపువ్వు కలిపి పెద్ద స్టీల్ డేగిసాలో పచ్చడి చేసి కిందనే పంచుతాం. తర్వాత పంచాంగ శ్రవణం. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం, రాజస్థాన్ వాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడతారు. ఈసారి ఉగాదికి ఒకటి రెండు రోజుల తేడాతోనే రంజాన్ వచ్చింది. రెండో అంతస్తు ఖాలా మా పచ్చడి గ్లాసు తీసుకెళ్లి, పండుగనాడు అదే గ్లాసులో షీర్ ఖుర్మా పోసి పంపారు.

నవమికి కాలనీ గుడిలో కళ్యాణం, పానకం, వడపప్పు. చందా ఎంతని మొహమాటపడొద్దు, ఎంత ఇస్తే అంత. వడ్డించడానికి చేతులు కావాలి, అదే పెద్ద చందా.

ఆ రోజుల్లో సామాన్ల బండి తెచ్చుకోవచ్చా?

పాతబస్తీ, కోఠి వైపు అయితే ఆ రోజులు వదిలేయండి. శ్రీరామనవమి శోభాయాత్ర సీతారాంబాగ్ గుడి దగ్గర మొదలై ధూల్‌పేట, బేగంబజార్ మీదుగా కోఠిలోని హనుమాన్ వ్యాయామశాల దాకా వెళ్తుంది. చైత్ర పౌర్ణమినాటి హనుమాన్ యాత్ర గౌలిగూడ రామమందిరం నుంచి సికింద్రాబాద్ తాడ్‌బండ్ దాకా. ఆ దారుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ట్రాఫిక్ మళ్లిస్తారు.

చలివేంద్రం పెట్టాలనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి?

గేటు బయట నీడ ఉన్నచోట రెండు రంజన్లు, మూత, పొడవు కాడ గరిటె, కడగడానికి విడిగా బకెట్. క్యాన్ నీళ్లే పోయండి. రోజూ పొద్దున రంజన్లు కడిగే మనిషి ఎవరో ముందే తేల్చుకోండి, రెండో వారానికే ఆగిపోయేది అక్కడే. పక్కన పిట్టలకి ఓ మట్టి మూకుడు పెట్టండి. డెలివరీ కుర్రాళ్లు, చెత్త బండి వాళ్లు, ట్యాంకర్ డ్రైవర్లు ఆగి తాగుతారు.

మెయింటెనెన్స్ ఎందుకు పెంచుతున్నారు? లెక్కలు అడగొచ్చా?

అడగండి. ఏప్రిల్‌లో జరిగే జనరల్ బాడీ మీటింగ్ అందుకే. ఆడిట్ చేసిన లెక్కలు, కార్పస్ ఫండ్ ఏ బ్యాంకులో ఎంత ఉంది, ట్యాంకర్లకి నెలవారీ ఎంతయింది అన్నవి చూపించాలి. నెలకు ఒక్కో ఫ్లాట్‌కి 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది రాబడి 20 లక్షలు మించితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఉచిత నీటి పథకంలో నెలకు 20 వేల లీటర్లు రావాలంటే మీటర్ పనిచేయాలి, ఫ్లాట్లవారీగా ఆధార్ అనుసంధానం అవ్వాలి. మా దగ్గర పదిమంది చేయించుకోక ఆ భారం అందరి మీదా పడింది.

వానలు మొదలయ్యేలోపు అసోసియేషన్ చేత ఏం చేయించాలి?

మే నెలలోనే సెల్లార్ సంపు పూడిక తీయించాలి, మోటారు రెండుసార్లు ఆన్ చేసి చూడాలి, కరెంటు పోతే అది జనరేటర్ మీద నడుస్తుందో లేదో పరీక్షించాలి. ఇంకుడు గుంతల్లో కంకర తీసి కడిగి మళ్లీ వేయాలి. టెర్రస్ పైపుల్లో ఆకులు తీయించాలి. ర్యాంపు దగ్గర వాన నీళ్లు లోపలికి రాకుండా అడ్డంగా ఓ అడుగు ఎత్తు కట్ట కట్టించాలి. మా సెల్లార్‌లోకి నీళ్లొచ్చిన ఏడాది గోడ మీద పడ్డ గీతని మేం సున్నంతో కప్పలేదు. ఎర్ర పెయింటుతో దాని పక్కన తారీఖు రాసి ఉంచాం. ఫ్లాట్ చూడ్డానికి వచ్చినవాళ్లని వాచ్‌మన్ ముందు అక్కడికే తీసుకెళ్లి, ఆ తర్వాత లిఫ్ట్ ఎక్కిస్తాడు.